మీటరు చూపించమని అడగండి

(మలక్‌పేట గంజ్ దగ్గర ఒక హాల్లో ధాన్యం వ్యాపారులు, హమాలీలు, హాస్టళ్ళు నడిపేవాళ్ళ ముందు చేసిన ప్రసంగానికి రాతరూపం. గ్యాస్ డిటెక్టర్లను సరిచూసే పనిలో చాలా ఏళ్ళు గడిపిన ఒక కెమిస్టు చేసిన ప్రసంగం ఇది.)

అందరికీ నమస్కారం. వెనక నిలబడ్డ అన్నలు ముందుకొచ్చి కూర్చోండి, కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి. హమాలీలు పూట కూలి వదులుకుని వచ్చారు. అందుకే నేరుగా విషయానికొస్తాను.

నా చేతిలో ఉన్న ఈ అల్యూమినియం డబ్బాను మీలో చాలామంది గుర్తుపట్టి ఉంటారు. ఖాళీదే, భయపడకండి. పైన పుర్రె బొమ్మ, ఎర్ర ముక్కోణం. లోపల ఉండేవాటిని కొందరు గ్యాస్ గోలీలంటారు, కొందరు బిళ్ళలంటారు. అసలు పేరు అల్యూమినియం ఫాస్ఫైడ్. మూత బిగించిన డబ్బాలో పొడిగా ఉన్నంతసేపు గోలీ ఊరికే పడుంటుంది. బయట పెడితే గాలిలోని తేమను పీల్చుకుని ఫాస్ఫీన్ అనే గ్యాస్ వదలడం మొదలుపెడుతుంది. చివరికి బూడిదలాంటి పొడి మిగులుతుంది. పురుగును చంపేది ఆ గ్యాసే. మనిషిని చంపేదీ అదే.

ఈ గ్యాస్ మీద నాకు పగేమీ లేదు. ముక్కపురుగు, ఎర్ర పెంకుపురుగు పట్టిన సరుకు ఏమవుతుందో మీకు నేను చెప్పాలా? ఫాస్ఫీన్ బస్తాల సందుల్లోకే కాదు, గింజ లోపలికి కూడా వెళ్ళి గుడ్డుతో సహా చంపుతుంది. పని అయ్యాక గాలి బాగా ఆడనిస్తే వెళ్ళిపోతుంది. ఒకప్పుడు ఇదే పనికి మిథైల్ బ్రోమైడ్ వాడేవారు. అది ఓజోన్ పొరకు చేటని తేలి, మాంట్రియల్ ఒప్పందం కింద దేశాలన్నీ తగ్గించుకుంటూ వచ్చాయి. దాంతో గోదాముల భారం ఎక్కువగా ఫాస్ఫీన్ మీదే పడింది. పద్ధతిగా గ్యాస్ పెట్టి, గాలి ఆడనిచ్చి, కడిగి వండుకున్న అన్నం గురించి మీరు దిగులు పెట్టుకోవద్దు. నా దిగులంతా బస్తా మోసే మనిషి గురించి, గోదాము గోడకు ఆనుకుని కునుకు తీసే మనిషి గురించి, నల్లులు చావాలని గదిలో గోలీ పెట్టి తలుపేసుకునే మనిషి గురించి.

గ్యాస్ ఉందో లేదో ఎట్లా తెలుస్తుందని మొన్న ఒక గుమాస్తా గారిని అడిగాను. "వాసనొస్తది కదా మేడమ్" అన్నారు. ఆ వాసన సంగతే ముందు మాట్లాడుకుందాం.

వెల్లుల్లి వాసనలా ఉంటుందని కొందరంటారు, కుళ్ళిన చేపల కంపులా ఉంటుందని కొందరు. నాకైతే కార్బైడ్ వాసన. వెల్డింగ్ షాపులో కార్బైడ్ ముద్దల మీద నీళ్ళు పడగానే గుప్పుమంటుందే, అది. ఎండాకాలం దొంగచాటుగా కార్బైడ్ పెట్టి మగ్గబెట్టిన మామిడికాయల గంప మూత తీస్తే కూడా అదే వాసన. ఎసిటిలీన్ గ్యాస్ వాసనే అంత అని అందరూ అనుకుంటారు. ఎసిటిలీన్‌కు సొంతంగా అంత ఘాటు లేదు. కార్బైడ్‌లో కొద్దిగా కలిసి ఉండే ఫాస్ఫరస్ మలినాల నుంచి పుట్టే ఫాస్ఫీన్, దాని వెంట వచ్చే మలినాల వల్లే ఆ కంపులో పెద్ద వాటా వస్తుంది. అంటే ఈ హాల్లో చాలామంది ఫాస్ఫీన్‌ను ఎప్పుడో ఒకప్పుడు పీల్చే ఉంటారు, ఏ కొంచెమో.

ఇప్పుడు అసలు ఇబ్బంది వినండి. శుద్ధమైన ఫాస్ఫీన్‌కు వాసన లేదు. మనకు తెలిసే వాసనంతా దానితో పాటు వచ్చే మలినాలది. గ్యాస్ బస్తాల నెట్టులోంచి బయటికొచ్చేలోగా ఆ మలినాలను గింజలు, గోనెసంచులు పట్టేసుకోవచ్చు. వాసన లోపలే ఆగిపోయి గ్యాస్ మాత్రం మన దాకా వస్తుంది. పైగా ముక్కులన్నీ ఒకటి కావు. జలుబు చేసినవాడికి తెలియదు, బీడీ తాగేవాడికి ఆలస్యంగా తెలుస్తుంది. గోలీల్లో అమోనియా వదిలే పదార్థం కూడా కలుపుతారు, గ్యాస్‌కు నిప్పంటుకోకుండా, మనిషిని హెచ్చరించడానికి. ఆ అమోనియా ఘాటు తగ్గిపోగానే అయిపోయిందనుకుంటారు. ఫాస్ఫీన్ రోజుల తరబడి వస్తూనే ఉంటుంది.

కాబట్టి వాసన వస్తే బయటికి పరిగెత్తండి. రాకపోతే మాత్రం దాన్ని నమ్ముకుని లోపలికి వెళ్ళకండి.

మరి దేన్ని నమ్మాలి? అంకెను. ఆ అంకెను పీపీఎంలో చెబుతారు. మీ మేడ మీద వెయ్యి లీటర్ల నల్ల ట్యాంకు ఉంటుంది కదా, అందులో నీళ్ళు లేవు, గాలే ఉందనుకోండి. ఆ గాలిలో ఒక్క మిల్లీలీటరు ఫాస్ఫీన్ కలిస్తే అది 1 పీపీఎం. రోజుకు ఎనిమిది గంటలు పనిచేసే మనిషికి 0.3 పీపీఎం మించకూడదని చాలాకాలంగా లెక్క. ట్యాంకు గాలిలో మిల్లీలీటరులో మూడో వంతు కన్నా తక్కువ. అమెరికాలో పారిశ్రామిక ఆరోగ్య నిపుణుల సంఘం ఒకటి ఈమధ్య దాన్ని కూడా ఎక్కువేనని 0.05కు దించింది. 50 పీపీఎం దగ్గర అయితే ప్రాణానికే తక్షణ ప్రమాదం.

ఒక గోలీ లెక్క కట్టి చూపిస్తాను, కాగితం ఉన్నవాళ్ళు రాసుకోండి. గోలీ బరువు 3 గ్రాములు. పూర్తిగా కరిగితే 1 గ్రాము ఫాస్ఫీన్ ఇస్తుంది. పదడుగుల పొడవు, పదడుగుల వెడల్పు, పదడుగుల ఎత్తు గదిలో గాలి సుమారు 28 ఘనమీటర్లు. తలుపు మూసి ఉంటే ఆ ఒక్క గోలీ గ్యాస్ దాదాపు 25 పీపీఎం దాకా పోతుంది. 0.3 ఎక్కడ, 25 ఎక్కడ? ఎనభై రెట్లు! ఒక్క గోలీకి. గదిలో మనిషుంటే ఏమవుతుందో వేరే చెప్పాలా?

ఊపిరితిత్తుల దగ్గరే ఆగే గ్యాస్ కాదిది. రక్తంలో కలిసి ఒంట్లో ప్రతి కణానికీ చేరుతుంది. కణంలో మనం పీల్చిన ఆక్సిజన్‌ను వాడుకుని శక్తి తయారుచేసే భాగాన్ని మైటోకాండ్రియా అంటారు. ఫాస్ఫీన్ అక్కడికి పోయి ఆ పనిని అడ్డుకుంటుంది. ఒంట్లో ఆక్సిజన్ ఉంటుంది, వాడుకోవడం చేతకాదు. పొయ్యికి గాలి బాగా తగులుతున్నా కట్టెలు మండనట్టు. రాత్రీ పగలూ ఆగకుండా పనిచేసే గుండె అన్నిటికన్నా ముందు దెబ్బతింటుంది. బీపీ పడిపోతుంది, గుండె లయ తప్పుతుంది. ఊపిరితిత్తుల్లో నీరు చేరుతుంది. ఇది కొన్ని గంటలు ఆలస్యంగా కూడా రావచ్చు. విరుగుడు మందు లేదు. డాక్టర్లు చేయగలిగేది ఒంటికి ఆసరా ఇవ్వడమే: ఆక్సిజన్, బీపీ నిలిపే మందులు, వెంటిలేటరు. అందుకే ఎంత త్వరగా తీసుకెళితే అంత మంచిది.

మొదట్లో ఎట్లా ఉంటుందో చెబుతాను, ఎందుకంటే ఇక్కడే చాలామంది మోసపోతారు. తలనొప్పి, కళ్ళు తిరగడం, కడుపులో తిప్పడం, వాంతులు, విరేచనాలు, దగ్గు, ఛాతీ పట్టేసినట్టుండటం, చెప్పలేని నీరసం. ఇవన్నీ విన్న ఎవరైనా ఏమంటారు? తిన్నది పడలేదంటారు.

సరిగ్గా అట్లానే జరిగింది ఒక మిల్లులో. ఊరు పేరు చెప్పను. వానాకాలం. వాళ్ళ మీటరు సరిచేసి ఇవ్వడానికి నేనే వెళ్ళాను. మధ్యాహ్నం తిండి వేళ. నలుగురు హమాలీలు నెట్టు పక్కన నీడ పట్టున, గ్యాస్ పెట్టి కప్పిన టార్పాలిన్‌కు వీపు ఆనించి కూర్చున్నారు. ఒకతను బయట గోడ దగ్గర కక్కుతున్నాడు. మేస్త్రీ నాతో అన్నాడు, "పొద్దున సద్ది తిన్నడు మేడమ్, అది పడలే." మిగతావాళ్ళను అడిగితే ఇంకొకతనికి తలనొప్పి, మూడో అతనికి ఛాతీలో పట్టినట్టు. నలుగురూ వేరువేరు ఇళ్ళ నుంచి సద్ది తెచ్చుకున్నవాళ్ళు. ఒకే రోజు ముగ్గురికీ పడకుండా పోతుందా? సంచిలోంచి మీటరు తీసి టార్పాలిన్ అంచు దగ్గర పెట్టాను. అంచుల మీద బరువుకు పెట్టే ఇసుక సంచి ఒకటి పక్కకు జరిగి ఉంది, ఎవరో కాలితో నెట్టినట్టున్నారు. ఆ జానెడు సందు దగ్గర మీటరు మోగడం మొదలుపెట్టి ఆగలేదు. అందరినీ బయటికి, గాలి వచ్చే వైపుకు తెచ్చాం. కక్కుతున్నతన్ని ఆస్పత్రికి పంపాం, గోలీల డబ్బా మీది కాగితం ఫోటో తీసి తోడు వెళ్ళేవాడి చేతికిచ్చాం. రెండు రోజులకు ఇంటికొచ్చాడు. ఆ మేస్త్రీ మొహం ఇప్పటికీ గుర్తుంది. "వాసన ఏం రాలేదు కద మేడమ్, రాలేదు కద" అని అదే మాట.

అందుకే చెబుతున్నాను: గ్యాస్ పెట్టిన చోటుకి దగ్గర్లో ఒకరికన్నా ఎక్కువమందికి ఒకేసారి తలనొప్పీ వాంతులూ వస్తే, తిండిని అనుమానించే ముందు గాలిని అనుమానించండి. డాక్టరు దగ్గర నోరు తెరిచి "మా దగ్గర ఫ్యూమిగేషన్ చేశారు, ఫాస్ఫీన్ కావచ్చు" అని చెప్పండి. డాక్టరుకు ఆ మాట మీరు చెప్పకపోతే తెలిసే దారి లేదు.

(సభలోంచి ఒకరు: మేడమ్, మాస్కు పెట్టుకుంటే సరిపోదా?)

సరిపోదన్నా. దుమ్ము మాస్కు, బట్ట, కరోనా నాటి ఎన్-95, ఏదీ గ్యాస్‌ను ఆపదు. దీనికి మొహమంతా కప్పే, ఫాస్ఫీన్ కోసం తయారైన డబ్బా బిగించే మాస్కు కావాలి. దానికీ హద్దుంది. 15 పీపీఎం దాటితే వీపున గాలి సిలిండర్ ఉండాల్సిందే. ఎంత ఉందో తెలియకపోతే ఎక్కువే ఉందనుకోవాలి. మళ్ళీ మీటరు దగ్గరికే వచ్చాం చూడండి.

మీటర్ల గురించి నేను కొంచెం ఎక్కువ మాట్లాడతాను, నా బతుకంతా వాటితోనే గడిచింది.

అన్నిటికన్నా పాతది, చవకైనది ఈ గాజు గొట్టం. పెన్నంత ఉంటుంది. రెండు కొసలూ విరిచి, ఈ చేతిపంపుకు తగిలించి ఒకసారి లాగితే లోపలికి కొలిచినంత గాలి వస్తుంది. ఫాస్ఫీన్ ఉంటే లోపలి పొడి రంగు మారుతూ పోతుంది. రంగు ఎక్కడ ఆగిందో పక్కన గీతలు చూసి చదువుకోవడమే. బ్యాటరీ అక్కర్లేదు. కాకపోతే ఒకసారి వాడితే పని అయిపోతుంది, ఆ ఒక్క నిమిషం సంగతే చెబుతుంది. గొట్టాల డబ్బా మీద గడువు తేదీ ఉంటుంది, చూడకుండా వాడొద్దు.

రెండోది జేబుకు తగిలించుకునే ఈ చిన్న మీటరు. దీని లోపల ఎలక్ట్రోకెమికల్ సెన్సార్ ఉంటుంది. పల్చటి పొర దాటి లోపలికెళ్ళిన ఫాస్ఫీన్ అక్కడి తడి ఆమ్లంలో ఫాస్ఫారిక్ ఆమ్లంగా మారుతుంది. మారేటప్పుడు ప్రతి అణువూ ఎనిమిది ఎలక్ట్రాన్లు వదులుతుంది. ఆ కరెంటును కొలిచి తెర మీద అంకె చూపిస్తుంది. పరిమితి దాటితే మోగుతుంది, వణుకుతుంది. గోదాములోకి వెళ్ళే ప్రతి మనిషి జేబుకూ ఒకటుండాలని నేను అడుగుతూనే ఉన్నాను. మోగితే బయటికి రావాలి. బ్యాటరీ తీసేయకూడదు. తీసేసినవాళ్ళను చూశాను.

ఆస్పత్రుల్లో ఇంకొక పద్ధతి ఉంది. సిల్వర్ నైట్రేట్ ద్రావణంలో తడిపిన కాగితం ఫాస్ఫీన్ తగిలితే నల్లబడుతుంది. రోగి ఊపిరి దగ్గర పట్టి చూస్తారు. హైడ్రోజన్ సల్ఫైడ్‌కు కూడా ఆ కాగితం నల్లబడుతుంది కాబట్టి పక్కన లెడ్ అసిటేట్ కాగితం కూడా పెడతారు. అది సల్ఫైడ్‌కు నల్లబడుతుంది, ఫాస్ఫీన్‌కు మారదు. ఇది ఉందా లేదా అని మాత్రమే చెబుతుంది, ఎంతో చెప్పదు.

ఇప్పుడు నా తప్పు ఒకటి చెప్పాలి. పదిహేనేళ్ళ కిందటి మాట. గాలి ఆడించడం అయిపోయిందన్న గోదాములోకి మీటరు పట్టుకుని వెళ్ళాను. తెర మీద సున్నా. నాలుగు అడుగులు వేశాను, సున్నా. నెట్ల మధ్య సందులోకి వెళ్ళాను, సున్నా. గొంతు పట్టినట్టయింది, నుదురు బరువెక్కింది. మీటరు సున్నా చూపిస్తుంటే నాకేమవుతుందనుకున్నాను. ఇంకో ఐదు నిమిషాలు అక్కడే నిలబడి రాసుకున్నాను. బయటికొచ్చి మోకాళ్ళ మీద కూలబడ్డాను. తరవాత ల్యాబులో చూస్తే ఆ సెన్సార్ చచ్చిపోయి ఉంది. లోపలి తడి మన ఏప్రిల్ ఎండకు, ఎవరో కారు డిక్కీలో వదిలేయడంతో ఎండిపోయింది. స్వచ్ఛమైన గాలిలో మంచి మీటరు చూపించే సున్నా, విషపు గాలిలో చచ్చిన మీటరు చూపించే సున్నా చూడటానికి ఒక్కలాగే ఉంటాయి. తేడా తెలియాలంటే లోపలికి వెళ్ళే ముందు కొద్దిగా పరీక్ష గ్యాస్ వదిలి, అంకె పెరుగుతోందో లేదో చూడాలి. దీన్ని బంప్ టెస్ట్ అంటారు. ఒక నిమిషం పని. ఆ ఒక్క నిమిషం నేను ఆ రోజు చేయలేదు. ఆ సెన్సార్లు మామూలుగా రెండేళ్ళకు మించి నమ్మదగ్గవి కావు. మీటరు కొన్నాం కదా అని ఐదేళ్ళు వాడేవాళ్ళు దయచేసి ఇవాళే తేదీ చూడండి.

ఎక్కడ కొలవాలి? ఫాస్ఫీన్ గాలికన్నా కొంచెం బరువు. నేల దగ్గరా, మూలల్లోనూ చూడాలి. నిలబడితే ముక్కు ఉండే ఎత్తులోనూ చూడాలి. నెట్ల మధ్య, వాచ్‌మన్ గదిలో, గోడ అవతల. కరెంటు పైపులు, డ్రైనేజీ, గోడ పగుళ్ళు, ఏ దారి దొరికినా వెళుతుంది. ఇంకొకటి, రాగి మీద ఫాస్ఫీన్‌కు కక్ష. స్విచ్ బోర్డులు, మోటార్ల రాగి తీగలను తినేస్తుంది. గ్యాస్ పెట్టాక మీ తూకం మిషన్ ఊరికే పాడవుతుంటే అదొక గుర్తు.

హాస్టళ్ళవాళ్ళకు ఇప్పుడు. దిల్‌సుఖ్‌నగర్, అమీర్‌పేట హాస్టళ్ళలో నల్లుల బాధ నాకు తెలుసు, మా అమ్మాయి కూడా అక్కడే ఉండి చదువుకుంది. ఒక గదిలో గోలీలు పెట్టి తాళమేసి, పక్క గదిలో పిల్లల్ని పడుకోబెడితే మధ్య గోడ ఆపుతుందనుకుంటున్నారా? 2010లో అమెరికాలోని లేటన్ అనే ఊళ్ళో ఇంటి బయట, పచ్చిక కింద ఎలుకల కోసం పెట్టిన మందు నుంచి గ్యాస్ ఇంట్లోకి చేరి ఇద్దరు చిన్నపిల్లలు చనిపోయారు. ఆ తరవాత అక్కడ మనుషులుండే కట్టడానికి 100 అడుగుల లోపు దీన్ని వాడొద్దన్నారు. 2017 జనవరిలో అమెరికాలోనే అమరిల్లో అనే ఊళ్ళో ఇంటి కింద చల్లిన మందును నీళ్ళతో కడిగేస్తే పోతుందనుకున్నాడు ఒక తండ్రి. నీళ్ళు తగిలి గ్యాస్ రేగింది. ఒకే ఇంట్లో నలుగురు పిల్లలు పోయారు.

ఆ రెండోది మన ఊరికి ఇంకా బాగా వర్తిస్తుంది. మన ఎండాకాలం గాలి పొడి. గోలీ సగమే కరిగి, పైకి బూడిదలా కనిపిస్తూ లోపల మందు మిగిలి ఉంటుంది. అయిపోయిందని ఊడ్చి తడిబట్ట పెడతారు, లేకపోతే తడిచెత్తలో వేసి స్వచ్ఛ ఆటోకు ఇస్తారు. ఆటో అన్న ఏం పాపం చేశాడు? మిగిలిన పొడి మీద నీళ్ళు పోయొద్దు, కవర్లో కట్టి మూయొద్దు. పెట్టినవాళ్ళనే పిలిచి తీయించండి.

అసలు దీన్ని పెట్టే హక్కు మీకు లేదు, నాకూ లేదు. 1968 నాటి క్రిమిసంహారక మందుల చట్టం కింద ఇది ఆంక్షలున్న మందు. ప్రభుత్వ సంస్థలకు, అనుమతి ఉన్న పెస్ట్ కంట్రోల్ వాళ్ళకు మాత్రమే, నిపుణుల పర్యవేక్షణలో. పది, ఇరవై గోలీల ట్యూబులనైతే పూర్తిగా నిషేధించారు. మన రాజేంద్రనగర్‌లోనే జాతీయ మొక్కల ఆరోగ్య యాజమాన్య సంస్థలో ఈ పనికి శిక్షణ ఇస్తారు. మీ దగ్గరికి వచ్చినవాడిని శిక్షణ కాగితం అడగండి, మీటరు తెచ్చావా అని అడగండి. తలుపు తీసేటప్పుడు "లోపలికి వెళ్ళొచ్చు" అంటే, అంకె చూపించమనండి. కోపం తెచ్చుకునేవాడిని పంపించేయండి.

నల్లులకు వేడి చాలు. 50 డిగ్రీల వేడి నిలబెడితే గుడ్లు కూడా చస్తాయి. ఆవిరి మిషన్ అద్దెకు దొరుకుతుంది, దుప్పట్లు వేడినీళ్ళలో ఉతికించండి. ఇంట్లో బియ్యానికైతే ఎండ, వేపాకు, గాలి చొరని డబ్బా. బియ్యం డబ్బాలో గుడ్డలో కట్టిన గోలీ పెట్టుకునే ఇళ్ళు ఇంకా ఉన్నాయి. మీ ఇంట్లో అట్లాంటిది ఉంటే దాన్ని మీరు ముట్టుకోకండి, కిటికీలు తీసి అందరూ బయటికొచ్చి తెలిసినవాళ్ళను పిలవండి.

ఎవరైనా లోపల పడిపోతే వెంటనే పరిగెత్తి వెళ్ళకండి. ఇది చెప్పడానికి నా నోరు రావట్లేదు, కానీ కాపాడటానికి వెళ్ళి రెండోవాడు పడిపోతాడు. తలుపులు తెరిచి, 108కి ఫోన్ చేసి, సరైన మాస్కున్న మనిషి కోసం చూడండి. బయటికి తెచ్చాక నోట్లో నోరు పెట్టి ఊపిరి ఊదకండి. బట్టలు విప్పి బయట పడేయండి. గోలీ మింగినవాళ్ళుంటే నీళ్ళు తాగించకండి, కక్కించకండి, నేరుగా ఆస్పత్రికి. బతుకు బరువైపోయి ఆ గోలీ వైపు చూస్తున్నవాళ్ళు ఈ హాల్లో ఒక్కరున్నా, తమ్ముడూ, చెల్లీ, 14416కి ఫోన్ చేయండి, టెలిమానస్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ నంబరు అది. రాత్రయినా తీస్తారు, తెలుగులో మాట్లాడతారు. ఆ డబ్బా ఇంట్లోంచి బయటికి పంపేయండి.

సరే, ఇక మాటలు చాలు. గొట్టాలు పది తెచ్చాను. ఎవరైనా కొస విరిచేటప్పుడు గాజు ముక్క కళ్ళల్లో పడకుండా ఇట్లా కిందికి పట్టుకోవాలి. ముందు వరుసలో ఎర్ర కండువా అన్నా, మీరు రండి, పంపు మీరు లాగండి. ఈ సీసాలో ల్యాబు నుంచి తెచ్చిన పలచటి పరీక్ష గ్యాస్ ఉంది, కిటికీ దగ్గరికి వెళదాం. ఫ్యాన్లు వేయండి బాబూ.